ఛాంబర్ ప్యాకింగ్

ఒక ఆదివారం రాత్రి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటో ఒకటి వచ్చింది. సెల్లార్‌లో విజిటర్స్ పార్కింగ్ దగ్గర, లిఫ్టుకి నాలుగడుగుల దూరంలో, పళ్లెమంత నల్లటి మరక. దాని పక్కన ఒంటరిగా ఒక చెప్పు. నాలుగో అంతస్తు పెద్దాయన ఈ ఆయిల్ మీద కాలేసి జారిపడ్డారనీ, మణికట్టు బెణికి కట్టు కట్టించుకొచ్చారనీ కింద రాసి ఉంది. ఎవరి నిర్లక్ష్యం ఇది, అని చివర్లో మూడు ప్రశ్నార్థకాలు.

ఆ మరక నా కారుది. ఫొటో పూర్తిగా తెరుచుకునేలోపే నాకు తెలిసిపోయింది.

గ్రూపులో పది నిమిషాల్లో దోషి దొరికాడు. వాచ్‌మన్ రాత్రిళ్లు బయటి ఆటోలని లోపల పెట్టనిస్తున్నాడని ఒకరు. డబ్బులు కూడా తీసుకుంటున్నాడని ఇంకొకరు. నేనూ చూశాను, అని మూడో ఆయన. వాచ్‌మన్ బామ్మర్దికి ఆటో ఉన్నమాట నిజం. ఒకటి రెండు రాత్రులు దాన్ని అక్కడ పెట్టిన మాటా నిజం. అందుకే మర్నాడు సాయంత్రం కమిటీవాళ్లు సెల్లార్‌లోనే నిలబెట్టి అడిగితే అతను గట్టిగా కాదనలేకపోయాడు. ఆ నెల జీతంలో 500 కోస్తున్నామన్నారు. ఇంకోసారి జరిగితే వేరేవాణ్ణి చూసుకుంటామన్నారు. నేను భుజాన లాప్‌టాప్ బ్యాగుతో లిఫ్టు దగ్గర నిలబడి ఇదంతా విన్నాను. లిఫ్టు వచ్చింది. ఎక్కాను.

ఇది నా కారు ఆయిల్ పాన్ గ్యాస్కెట్‌ని నేనే మార్చుకోవడం గురించిన వ్యాసం. కానీ పై సంగతి ముందే చెప్పకపోతే మిగతాదంతా 'నా చేతులతో నేనే చేసుకున్నాను' అనే ముచ్చటగా తయారవుతుంది. అలాంటి వ్యాసాలు నేను ఇష్టంగా చదివేవాణ్ణే. మోటార్‌సైకిల్ మరమ్మతుని పట్టుకుని రాబర్ట్ పిర్సిగ్ 1974లో అచ్చేసిన పుస్తకం నా షెల్ఫులో రెండు కాపీలుంది. అది చదివినవాడు లిఫ్టెక్కకుండా ఉండాలనేం లేదు.

ఇంజన్ అడుగున ఒక రేకు తొట్టి ఉంటుంది. పుస్తకాల్లో ఆయిల్ పాన్ అనో, సంప్ అనో రాస్తారు. మన మెకానిక్కులకి అది ఛాంబర్. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ ఒక పంపు ఈ తొట్టిలోంచి ఆయిల్ పీల్చి పైన తిరిగే భాగాలన్నిటికీ అందిస్తుంది. అక్కడ పని అయిపోయిన ఆయిల్ కారుకుంటూ మళ్లీ తొట్టిలోకే వచ్చి చేరుతుంది. తొట్టి అంచుకీ ఇంజన్ బ్లాకు అడుగుకీ మధ్య కార్కుదో రబ్బరుదో ఒక సన్నటి పట్టీ ఉంటుంది. అదే గ్యాస్కెట్, వాడుకలో ప్యాకింగ్. రెండు ఇనుప ముఖాలు ఎంత నున్నగా కనిపించినా వాటి మధ్య సందులు ఉండనే ఉంటాయి. ఈ మెత్తటి పట్టీ మధ్యలో నలిగి ఆ సందుల్ని పూడుస్తుంది. అది చేసే పనల్లా నలగడమే. ఏళ్ల తరబడి వేడికి కాలి బిరుసెక్కి, ఇక నలగడం చేతకానప్పుడు ఆయిల్‌కి దారి దొరుకుతుంది.

నా కారుకి పదిహేనేళ్లు దాటాయి. మొదట్లో అది లీకు కూడా కాదు, చెమ్మ. పెద్దాయన పడటానికి ఆరు నెలల ముందు, టైరు పంక్చరై వంగినప్పుడు చూశాను. ఛాంబర్ అంచు పొడుగునా దుమ్ము అంటుకుని తడితడిగా ఉంది. వీడియోలు చూసి పెంచుకున్న ధైర్యంతో స్పానర్ పట్టుకుని దూరి, అందినన్ని బోల్టులు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించాను. కారేదాన్ని బిగిస్తే ఆగుతుంది కదా. వారం తిరక్కుండా చెమ్మ చుక్క అయింది. అప్పుడు అర్థం కాలేదు. తొట్టి దించాక తెలిసింది.

చుక్క మొదలయ్యాక కింద అట్ట వేశాను. కొత్త ఫ్రిజ్ వచ్చిన పెట్టె అట్ట, మందంగా, మడతపెట్టి. రాత్రికి నాలుగైదు చుక్కలు. రెండు వారాలకోసారి అట్ట తిప్పి వేసేవాణ్ణి. ఆ అట్ట గురించి నేను తర్వాత చాలా ఆలోచించాను. లీకు సంగతి తెలియనివాడు అట్ట వేయడు. తెలిసి, బాగుచేయించుకునేవాడూ వేయడు. తెలుసు కానీ దాని జోలికి వెళ్లను అనుకున్నవాడికే అట్ట కావాలి. తప్పు కొత్తగా ఉన్నప్పుడు గుచ్చుకుంటుంది. దానికో ఏర్పాటంటూ చేసేస్తే, రోజూ చేసే పనుల్లో అదీ ఒకటై పోతుంది. పాలప్యాకెట్ తెచ్చుకున్నట్టు, చెత్తబుట్ట బయటపెట్టినట్టు, అట్ట తిప్పడం.

అట్ట ఉన్న చోట ఆ మరక పడలేదు. నా స్లాటు వెనక వరసది, ముందు 302 వాళ్ల కారు ఉంటుంది. పొద్దున్నే ఆరింటికి బయల్దేరాల్సిన రోజుల్లో, ముందురోజు రాత్రే విజిటర్స్ పార్కింగ్‌లో పెట్టుకునేవాణ్ణి. అక్కడ అట్ట వేసేవాణ్ణి కాదు. మర్చిపోయి కాదు. అందరూ తిరిగేచోట అట్ట వేస్తే నా కారు కారుతోందని అందరికీ తెలుస్తుంది.

ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పట్టినంతసేపు ఈ వ్యాసంలో మరే వాక్యానికీ పట్టలేదు.

లిఫ్టెక్కిన రాత్రి నిద్రపట్టక ఒక నిర్ణయానికి వచ్చాను. లీకు బాగుచేసేస్తాను. ఆ నిర్ణయం తీసుకోగానే ఎంత హాయిగా అనిపించిందంటే, అప్పుడే అనుమానించి ఉండాల్సింది. తప్పు నా కారుది, కాబట్టి కారుని సరిచేస్తే తప్పు సరవుతుంది అని లెక్క. లెక్కలో వాచ్‌మన్ లేడు. మణికట్టూ లేదు. లీకు మాత్రమే ఉంది.

మా వీధి చివర మెకానిక్‌ని అడిగాను. "ఛాంబర్ దించుడెందుకు సార్, నెలకింత ఆయిల్ పోసుకుంటే ఎన్నేండ్లయినా నడుస్తది" అన్నాడు. అతని వైపునుంచి అది తప్పు సలహా కాదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ గీతలోపు ఉన్నంతకాలం ఆ లీకు వల్ల ఇంజన్‌కి ఏమీ కాదు. కారే కారు వల్ల కారుకి నష్టమా, పక్కవాడికి నష్టమా అన్నది మెకానిక్ చూడాల్సిన విషయం కాదు. చేయించాలని పట్టుబడితే చేసి ఇచ్చేవాడే. కానీ నేను చేయించలేదు. ఎందుకో దాచకుండా చెబుతాను. గచ్చు మీద వెల్లకిలా పడుకుని, మొహం మీద నల్లనూనె పడుతుంటే ఐదారు గంటలు అవస్థ పడితే ఏదో తీరిపోతుందనిపించింది. డబ్బిచ్చి చేయిస్తే శిక్షలా ఉండదు. నాకు శిక్ష కావాలి. కాకపోతే నేనే ఎంచుకున్నది, నాకు కాస్త ఇష్టమైనది, ఎందుకు పడుతున్నానో ఎవరికీ తెలియనిది.

శుక్రవారం రాణిగంజ్ వెళ్లి ప్యాకింగ్, ఆయిల్ ఫిల్టరు, డ్రెయిన్ ప్లగ్గు వాషరు, ఒక ట్యూబు సిలికాన్ పేస్టు, మూడున్నర లీటర్ల ఆయిల్ డబ్బా తెచ్చుకున్నాను. టార్క్ రెంచీ, రెండు జాక్ స్టాండులు ఆఫీసులో స్నేహితుడిచ్చాడు. స్టాండులు లేకుండా ఒట్టి జాకీ మీద లేపిన కారు కిందికి ఎవరూ దూరకండి. ఇటుకలు పేర్చి అసలు వద్దు, బరువుకి ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఈ వ్యాసంలో నేను ధైర్యంగా ఇవ్వగలిగిన సలహా ఇదొక్కటే.

ముందుగా లీకు నిజంగా ఛాంబర్‌దేనా అని తేల్చుకోవాలి. చుక్క రాలిన చోటే లీకు ఉండాలని లేదు. ఇంజన్ నెత్తిమీద వాల్వ్ కవర్ ప్యాకింగ్ పోయినా ఆయిల్ పక్కలమ్మట జారి, ఆఖరికి ఛాంబర్ అంచునుంచే రాలుతుంది. అన్నిటికన్నా కింద ఉన్నది అదే కాబట్టి. చూసినవాళ్లు దాన్నే అంటారు. ఇంజన్ చుట్టూ శుభ్రంగా తుడిచి, మొహానికి రాసుకునే పౌడర్ చల్లి, ఇరవై నిమిషాలు నడిపి చూశాను. పైనంతా తెల్లగా పొడిగా ఉంది. వెనక మూల, గేర్‌బాక్స్ వైపు, పౌడర్ తడిసి గోధుమరంగుకి తిరిగింది. కాబట్టి ఛాంబరే. మా గ్రూపులో ఆ రాత్రి ఎవరూ పౌడర్ చల్లి చూడలేదు, చల్లమని నేనూ అనలేదు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టాను. వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ముందుభాగం లేపి, స్టాండుల మీద దించి, కారుని పక్కనుంచి తోసి కదలట్లేదని నమ్మకం కుదిరాక కిందికి వెళ్లాను. గోరువెచ్చగా ఉన్న ఆయిల్ తొందరగా దిగుతుంది. మూడు లీటర్లు దిగడానికి పావుగంట పట్టింది. బోల్టులు 10 ఎంఎం తలవి, చిన్నవి, తేలిగ్గానే వచ్చాయి. రెండు మాత్రం ఎగ్జాస్ట్ పైపు పక్కన చేయి పట్టని చోట ఉన్నాయి. వాటికే ఒక గంట. బోల్టులన్నీ తీసేసినా ఛాంబర్ ఊడిరాలేదు. పదిహేనేళ్లు అతుక్కున్నది ఊరికే వదలదు. అప్పుడు సందులో స్క్రూడ్రైవరు దూర్చి తన్నాలనిపిస్తుంది. తన్నితే బ్లాకు అడుగుముఖం మీద గీత పడుతుంది. ఆ గీత మీద ఎంత మంచి ప్యాకింగ్ వేసినా కారుతూనే ఉంటుంది. రబ్బరు సుత్తితో చుట్టూ మెల్లగా తడుతూ పోవాలి. తట్టాను. ఎంతసేపటికో, ముద్దు పెట్టుకున్నట్టు చిన్న శబ్దం చేసి వదిలింది.

దించాక తిరగేసి చూస్తే ఆరునెలల కిందటి నా పని కనిపించింది. బోల్టు కన్నాల చుట్టూ రేకు పైకి ఉబ్బి ఉంది, పూరీ పొంగినట్టు. నేను బలమంతా పెట్టి బిగించినప్పుడు బోల్టు దగ్గర ప్యాకింగ్ చితికిపోయింది, రెండు బోల్టుల మధ్య అంచు వంగి ఎడం వచ్చింది. ఆ ఎడంలోంచే చుక్క. ప్యాకింగ్ పాతబడటం దాని ఖర్మ. చెమ్మని చుక్క చేసింది మాత్రం నేను. దీనికి టార్క్ ఎంతో మాన్యువల్‌లో చూస్తే 10 న్యూటన్ మీటర్లకి అటూఇటుగా ఉంది. పొట్టి రెంచీతో మణికట్టు వాడితే చాలు, భుజం అక్కర్లేదు. మనం గట్టిగా చేసిన పనిని మంచిగా చేసిన పనిగా నమ్ముతాం, నేనైతే నమ్ముతాను. చెక్కదిమ్మ మీద పెట్టి ఒక్కొక్క కన్నం చుట్టూ సుత్తితో చిన్నచిన్నగా కొట్టి అంచుని సమం చేశాను.

ఇక అసలు పని, గీకడం. పాత ప్యాకింగ్ ముక్కలు బ్లాకు అడుగుముఖానికి అట్టకట్టి ఉంటాయి. ప్లాస్టిక్ గీకుడుబద్దతో, వెల్లకిలా పడుకుని, కళ్లజోడు మీద నల్లపొడి రాలుతుంటే, అంగుళం అంగుళం గీకాలి. గోరుతో తడిమితే ఎక్కడా తగలకూడదు. రెండు గంటలు గీకాను. అదయ్యాక ఆ ముఖాన్ని ఎవరూ చూడరు. మళ్లీ ప్యాకింగ్ మార్చేదాకా, బహుశా కారు తుక్కుకి వెళ్లేదాకా, అది మూసే ఉంటుంది. గీకలేక విసిగినవాళ్లు మిగిలిన గరుకుమీద సిలికాన్ పేస్టు దట్టంగా పూసేస్తారు. బయటికి పొంగిన పేస్టు నీటుగా కనిపిస్తుంది, బాగా చేశాడనిపిస్తుంది. కానీ బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది. లోపల పొంగినది ఎండి ఊడితే ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడుతుంది. జాలీ మూసుకుపోతే ఇంజన్‌కి ఆయిల్ అందదు. రెండు భాగాలు కలిసే మూలల దగ్గర బఠాణీ గింజంత పేస్టు పెడితే చాలని మాన్యువల్ చెబుతుంది. నేనూ అంతే పెట్టాను. ఈ పని నేను శ్రద్ధగా చేశాను, ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడను. అయితే కనపడని ముఖం మీద ఇంత నిజాయితీ చూపించినవాడు, ఐదురోజుల కిందట అందరూ చూస్తుండగా నోరెత్తలేదు. ఇనుము దగ్గర నిజాయితీగా ఉండటానికి ధైర్యం అక్కర్లేదు మరి.

ఛాంబర్ ఎక్కించేటప్పుడు ఇద్దరు కావాలి. ఒకరు తొట్టిని కదలకుండా సమంగా పట్టుకుంటే ఇంకొకరు నాలుగు మూలల బోల్టులు చేత్తో తిప్పి నిలబెట్టాలి. ఈ సంగతి నేను ముందుగా ఆలోచించుకోలేదు. మోకాలితో ఎత్తిపట్టుకోవాలని చూసి రెండుసార్లు ప్యాకింగ్ జారవిడిచాను. మూడోసారి పక్కన చెప్పుల చప్పుడైంది. తల తిప్పితే వాచ్‌మన్ పాదాలు.

"ఛాంబర్ ఇప్పిన్రా సార్? ఆగుండ్రి, నేను పడతా." నేనేం అనేలోపే గోనెసంచి పరుచుకుని కిందికి జరిగి వచ్చాడు. ఊళ్లో ఉన్నప్పుడు ట్రాక్టర్ల దగ్గర పనిచేశాడట. తొట్టి అంచుని రెండు అరచేతుల మీద ఎంత తేలిగ్గా నిలబెట్టాడంటే, పొద్దుటినుంచీ నేను పడ్డ యాతన చూసి నాకే నవ్వొచ్చింది. ఇద్దరి తలల మధ్య జానెడు దూరం. ఒకరి మొహం ఒకరికి కనపడదు, ఇద్దరం పైకి చూస్తున్నాం. అట్లా ఉంది కాబట్టే నోరు పెగిలిందనుకుంటాను.

"అన్నా, ఆ రోజు పెద్దాయన జారిన ఆయిల్, నా కారుదే."

"ఎర్కనే సార్," అన్నాడు. తర్వాత, "జర ఆ మూలకు ఒత్తుండ్రి, ప్యాకింగ్ పక్కకు పోతున్నది."

తెలియకుండా ఎలా ఉంటుంది. నెలకి 400కి నా కారు పొద్దున్నే కడిగేది అతనే. నా అట్టని పక్కకి జరిపి ఊడ్చి మళ్లీ అక్కడే వేసేది అతని భార్య. విజిటర్స్ పార్కింగ్‌లో నా చుక్కల మీద రంపప్పొట్టు చల్లి తుడిచిందీ ఆమేనట, రెండుమూడుసార్లు. ఆ ఆదివారం ఇద్దరూ ఊళ్లో పెళ్లికి వెళ్లారు, తుడిచేవాళ్లు లేక మరక మిగిలింది. మరి కమిటీ అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదన్నాను. నాలుగు బోల్టులు నిలబడేదాకా జవాబివ్వలేదు. "ఎవరి పేరు చెప్పినా పొద్దుగాల వాళ్ల కారు నేనే కడగాలె గద సార్." చేతులు దులుపుకుంటూ, "పర్లేదు తియ్ సార్, అయిపోయింది," అని కూడా అన్నాడు.

బయటికొచ్చాక, దించిన పాత ఆయిల్ తనకిస్తారా అని అడిగాడు. ఊళ్లో ఇంటి దర్వాజాకి చెదలు పట్టాయట, పూస్తానన్నాడు. వాడిన ఇంజన్ ఆయిల్‌లో క్యాన్సర్ తెచ్చే పదార్థాలుంటాయనీ, 2016 నాటి నియమాల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థమనీ, రీసైక్లింగ్‌కి పోవాల్సిందేననీ నేను వివరించాను. అంతా నిజమే. కానీ అంత అనర్గళంగా మాట్లాడుతున్న నా గొంతు నాకే వింతగా వినిపించింది. పర్యావరణం దగ్గర నాకు మాటలు తడుముకోవాల్సిన పనిలేదు. ఆ డబ్బా తర్వాత మెకానిక్ పీపాలో పోసొచ్చాను. చెదలమందు కొనిచ్చాను. కొనిచ్చినందుకు నేనేమీ గొప్పగా అనుకోకుండా ఉండటానికి ప్రయత్నించాల్సి వచ్చింది.

మధ్యనుంచి బయటి వైపుకి, ఎదురెదురుగా, మూడు విడతల్లో బోల్టులన్నీ బిగించాను. రెంచీ టిక్కుమనగానే ఆపేశాను. పేస్టు ఆరడానికి రాత్రంతా వదిలేసి, మర్నాడు ఆయిల్ పోసి నడిపి చూస్తే పొడిగా ఉంది. సంబరపడాల్సిన క్షణం. సంబరం రాలేదు. "పర్లేదు తియ్ సార్" దగ్గర ఆగిపోయాను.

అతనికి ముందే తెలుసు. అంటే నేను చెప్పినదాంట్లో అతనికి కొత్త సమాచారమేదీ లేదు. మరి ఆ చెప్పుకోలు వల్ల జరిగిందేమిటి? నాకు బరువు దిగింది, అతను పర్లేదనాల్సి వచ్చింది. కారు కింద పడుకుని ఉన్నప్పుడు కూడా అతను నా దగ్గర పనిచేసేవాడే. పర్లేదు సార్ అనడం అతని ఉద్యోగంలో భాగం, గేటు తీయడం లాగా, నీళ్ల మోటరు వేయడం లాగా. కాదనే వీలు లేని మనిషి దగ్గర క్షమాపణ అడగడం అడగడమేనా? నేను అతనికి ఇంకో చాకిరీ అప్పగించానంతే.

గాంధీ 'సత్యశోధన'లో ఒక దొంగతనం ఉంది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. పదిహేనేళ్ల వయసులో అన్న కడియంలోంచి కాస్త బంగారం కోయించి, ఆ అన్నదే పాతిక రూపాయల అప్పు తీరుస్తాడు. అప్పు తీరింది. ఇక దొంగతనం చేయనని మనసులో ఒట్టు కూడా పెట్టుకున్నాడు. బాగుచేసుకోవడం వరకే అయితే అక్కడితో అయిపోయినట్టే. కానీ సరిపోలేదతనికి. చీటీ రాసి మంచంలో ఉన్న తండ్రికి ఇచ్చాడు, శిక్షించమన్నాడు. తండ్రి ఏడ్చి చీటీ చింపేశాడు. అక్కడ గాంధీ చేసే ఆలోచనలో నాకు పట్టుకున్నది ఒకటుంది. ఎవరి దగ్గరపడితే వాళ్ల దగ్గర చెప్పుకుంటే చాలదు, వినడానికి హక్కున్నవాళ్ల దగ్గర చెప్పుకోవాలి. ఆ ఇంట్లో అది ఎవరో వెతుక్కోనక్కర్లేదు. బాధపడే హక్కు, శిక్షించే అధికారం, క్షమించే మనసు, మూడూ ఒకే మంచం మీద ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్‌లో అవి మూడు చోట్ల ఉన్నాయి. బాధ సెల్లార్‌లో, నాలుగో అంతస్తులో. అధికారం కమిటీలో. క్షమ, నేను చూసినంతలో, పర్లేదనక తప్పనివాడి దగ్గర.

మనుస్మృతి పదకొండో అధ్యాయంలో పాపం పోయే దారుల జాబితా ఒకటి ఉంది. చేసింది నలుగురికీ చెప్పుకోవడం అందులో మొదటిది. దానం ఆఖరిది, అదీ మిగతావి చేయలేని ఆపదలో. మనుషుల్ని పుట్టుకని బట్టి తూచి శిక్షలు రాసిన పుస్తకాన్ని ఒక వాచ్‌మన్ విషయంలో తలుచుకోవడం నాకు ఇబ్బందిగానే ఉంది. అయినా ఆ వరస నన్ను పట్టుకుంది. ఎందుకంటే నేను సరిగ్గా తిరగేసి చేస్తున్నాను. అతని చేతిలో 500 పెట్టేసి ఊరుకుందామని అప్పటికే అనుకుని ఉన్నాను. కవరు కూడా తీసి పెట్టుకున్నాను.

అతనికి పోయింది 500 ఒక్కటే అయితే కవరు చాలు. పోయినది మాట. అతను ఆటోవాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటాడనే మాట ముప్పై రెండు ఫ్లాట్లలో ఉండిపోయింది. అది పడ్డ చోటే దాన్ని తీయాలి. పడింది గ్రూపులో. ఆ గ్రూపులో అతను లేడు, వాచ్‌మన్‌ని ఎవరూ చేర్చుకోలేదు. అక్కడ అతని తరఫున ఏది మాట్లాడాలన్నా లోపల ఉన్నవాళ్లే మాట్లాడాలి. ఆ పని అతను ఎంత కావాలనుకున్నా చేసుకోలేడు, నేను చేయగలను. ఇంత స్పష్టంగా అర్థమయ్యాక కూడా నాకు నాలుగు రోజులు పట్టింది. ఛాంబర్ దించి ఎక్కించడానికి ఒక పగలు పట్టింది.

గురువారం రాత్రి ముందు నాలుగో అంతస్తుకి వెళ్లాను. పెద్దాయన ఆర్టీసీ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారని నాకు అప్పటిదాకా తెలియదు. చెప్పింది మొత్తం విన్నారు. కాసేపు కట్టు కట్టిన చేతి వైపే చూసుకున్నారు. "రాత్రిళ్లు పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నాను," అన్నారు. ఆయన పర్లేదనలేదు. తర్వాత, బోల్టులు వరసగా బిగించావా ఎదురెదురుగానా అని అడిగారు. ఎదురెదురుగా అన్నాను. తలూపారు. తలుపు దాకా వచ్చి సాగనంపలేదు.

కిందికొచ్చి గ్రూపులో రాశాను. మరక నా కారుది, ఆరునెలలుగా కారుతోందని నాకు తెలుసు, ఆ రాత్రి ఏ ఆటో లేదు, జీతం కోత తప్పు, వెనక్కివ్వాలి. మూడుసార్లు చెరిపి రాశాను. మొదటిసారి రాసినదాంట్లో 'ఇప్పుడు లీకు పూర్తిగా సరిచేశాను' అనేది మొదటి వాక్యంగా ఉంది. చివరిసారి రాసినదాంట్లో అది లేదు. పంపాక ఫోన్ బోర్లా పెట్టి కూర్చున్నాను. కాసేపటికి తీసి చూస్తే పదకొండు బొటనవేళ్లు, నాలుగు చప్పట్లు. 'గ్రేట్ హానెస్టీ బ్రో' అని ఒకరు. మీలాంటివాళ్లు అరుదు అని ఇంకొకరు, ఆటోలని తాను కూడా చూశానన్న ఆయనే. ఆటోల మాట వెనక్కి తీసుకుంటున్నానని ఒక్కరూ రాయలేదు. నేను మళ్లీ రాశాను, మెచ్చుకోళ్లు నాకు వద్దు, అతనికి ఒక మాట చెప్పండి అని. దానికీ రెండు బొటనవేళ్లు వచ్చాయి. వచ్చే నెల జీతంలో 500 కలుపుతామని కోశాధికారి రాశారు.

కలిపారు కూడా. నెల మొదట్లో అపార్ట్‌మెంట్ జమాఖర్చుల కాగితం లిఫ్టు పక్కన అంటిస్తారు. మోటరు రిపేరు, డీజిల్, ట్యాంకర్లు, సెల్లార్ ఫ్లోర్ క్లీనింగ్ యాసిడ్. వాటి కింద ఒక వరస: వాచ్‌మన్, బోనస్, 500. నేను కోశాధికారికి ఫోన్ చేశాను. బోనస్ కాదు కదండీ, కోసింది వెనక్కిచ్చాం కదా, అన్నాను. ఆయన మర్యాదగానే విన్నారు. నిజమేనండీ, కానీ సాఫ్ట్‌వేర్‌లో ఆ హెడ్ లేదు, అన్నారు. మరి కోసినప్పుడు ఏ హెడ్ కింద రాశారని అడిగాను. చూసి చెబుతానన్నారు.